మరమనిషికి దొరికిన పని

"సాయంత్రం దీన్ని వెనక్కి తీసుకుపోవడానికి కంపెనీవాళ్ల బండి వస్తుంది. ఆలోగా నువ్వు ముచ్చటపడి తెచ్చిన ఈ మరమనిషికి ఒక్క పని చూపించు. లేదంటే దీంతోపాటు నువ్వూ బండెక్కు!" అంటూ లాండ్రీ ఓనరు కౌంటరు మీద దబాలున చరిచాడు.

మేనేజరుగిరీ వెలగబెడుతున్న బామ్మర్ది తల వంచాడు. చెవి వెనక గోక్కున్నాడు. "తప్పు నాదే బావా. మళ్లీ జరగదు. కానీ ఇది అచ్చం మనిషే. మనల్ని చూసి నేర్చుకుంటుంది."

"వారం నుంచి ఏం నేర్చుకుంది, నా తలకాయ!"

బామ్మర్ది దాన్ని లోపలికి లాక్కెళ్లాడు. అక్కడ ఉతికే మెషిను గుట్టెడు దుప్పట్లు ఉతికి పారేసేలోపు, మరమనిషి ఒక జేబురుమాలుకి సబ్బు రాసి నురగ చూస్తూ నిలబడింది. ఇస్త్రీ మెషిను ప్యాంట్ల మీద ప్యాంట్లు తోస్తుంటే, ఇది ఒక్క చొక్కా కాలరుతో కుస్తీ పట్టింది. దుప్పటి మడత పెట్టమంటే అందులో తనే చుట్టుకుపోయింది. దాన్ని విప్పేసరికి బావాబామ్మర్దులిద్దరికీ చెమటలు పట్టాయి.

"ఉతికే మెషినుకి కాళ్లూ చేతులూ లేవని ఎవరైనా ఏడ్చారట్రా? దీనికి మాత్రం ముక్కూ మొహం ఎందుకు, అలంకారానికా?" అని ఓనరు రొప్పుతూ అడిగాడు.

అంతలో ఒక భారీ పెద్దమనిషి స్వెట్టరు పట్టుకుని దూసుకొచ్చాడు. అది చంటిపిల్లకి సరిపోయేలా కుంచించుకుపోయింది.

"ఎవడయ్యా దీన్ని ఉతికింది?"

ఉతికింది మెషిను. దాన్నెవరు తిడతారు? ఓనరు అలవాటుకొద్దీ బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది చటుక్కున మరమనిషిని ముందుకు తోశాడు.

"ఇదేనండీ!"

పెద్దమనిషి దాన్ని ఎడాపెడా కడిగేశాడు. బుద్ధుందా అన్నాడు, కళ్లు నెత్తికెక్కాయా అన్నాడు. మరమనిషి తల వంచింది. చెవి వెనక గోక్కుంది.

"తప్పు నాదేనండీ. మళ్లీ జరగదు."

ఆయన గొంతు మెత్తబడింది. "సర్లే, పాపం... ఈసారి జాగ్రత్త" అని, కార్లోంచి ఇంకో బట్టల మూట తెచ్చిచ్చి మరీ వెళ్లాడు.

బామ్మర్ది ఎగిరి గంతేశాడు. "చూశావా బావా! మెషిన్ని తిడితే ఏం తృప్తి? తిట్టడానికి మొహం ఉండాలి. దొరికింది దీనికి పని!"

"భేషైన పని!" ఓనరు కూడా మురిసిపోయాడు. బయట కంపెనీ బండి హారను మోగింది. ఓనరు బామ్మర్దిని ఎగాదిగా చూశాడు. "అవున్రా... ఇన్నాళ్లూ నువ్వు చేస్తున్న పని అదేగా? వచ్చిన బండి ఖాళీగా పోవడమెందుకు, ఎక్కు!"

బామ్మర్దికి ఒళ్లు మండిపోయింది. మరమనిషి మీదికి లేచాడు. "నా కొంప ముంచావు కదే!"

అది తల వంచింది. చెవి వెనక గోక్కుంది. "తప్పు నాదేనండీ. మళ్లీ జరగదు."

"సర్లే, పాపం..." అన్నాడు బామ్మర్ది, బండెక్కుతూ. "ఈసారి జాగ్రత్త."