తగ్గలేదు, రాసుకో

"ఏం తగ్గలేదమ్మాయ్. రాసుకో."

సుబ్బరత్నమ్మ ఖాళీ బిళ్ళల సీసా బల్ల మీద పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుంది.

నర్సు విజయరాణికి ఒళ్ళు మండింది. ఆరు నెలల నుంచీ ఇదే పాట.

"రోజూ వేసుకుంటున్నారా, పెరట్లో పారబోస్తున్నారా?"

"వేసుకుంటున్నాను తల్లీ. ఆవిర్లు అట్లాగే ఉన్నాయి. నిద్ర కూడా లేదు."

"మిగతావాళ్ళు కొద్దో గొప్పో తగ్గిందంటున్నారే?"

"వాళ్ళది వాళ్ళు చెబుతారు. నాది నేను చెబుతున్నా. రాసుకో."

విజయరాణి పదిహేడో నంబరు కార్డు మీద 'తగ్గలేదు' అని విసురుగా రాసింది.

నూజివీడులోని ఆ ఆడవాళ్ళ ఆసుపత్రిలో ఎనభై ఆరు వేసవిలో మొదలైంది ఈ పరీక్ష. ముట్లు ఆగిపోయాక ఒంట్లో లేచే ఆవిర్లకు కొత్త హార్మోను బిళ్ళలు. నలభై మంది ఆడవాళ్ళు. సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్త పిండి బిళ్ళలు. ఎవరివి ఏవో వాళ్ళకూ తెలియదు, ఇచ్చే నర్సుకూ తెలియదు. తెలిస్తే పరీక్ష చెడిపోతుందని ఆ చిట్టా సీలు వేసి బీరువాలో పెట్టారు. డాక్టర్ శారద మొదటిరోజే ఇదంతా అందరికీ విడమరిచి చెప్పి, ఒప్పుకున్నవాళ్ళ చేతే సంతకాలు పెట్టించింది.

విజయరాణిని పక్కకు పిలిచి ఇంకో మాట కూడా చెప్పింది.

"ఏడాది పూర్తయ్యేసరికి ముప్ఫై ఆరుగురైనా మిగలాలి విజయా. ఒక్కరు తక్కువైనా ఈ పరీక్ష లెక్కలోకి రాదు. మందు మన ఆసుపత్రికి రాదు."

మందు రావాలి. రాకపోతే విజయరాణికి దిక్కు లేదు.

ఆమెకు ముప్ఫై ఏళ్ళు. ముట్లు ఆగిపోయి రెండేళ్ళయింది. డ్యూటీలో ఉండగా సెగ మెడ మీదుగా నెత్తికెక్కితే, స్టోరు గదిలోకి పోయి తలుపేసుకుని నిలబడేది. ఆ బిళ్ళలు బజార్లో దొరకవు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు పరీక్షలో చేరకూడదు. ఈ వయసుకే ఇలా అయిందని ఎవరికి చెప్పుకుంటుంది? కట్టుకున్నవాడికే చెప్పలేదు.

అందుకే పట్టుబట్టింది. బిళ్ళలిచ్చే గురువారం ఎవరైనా రాకపోతే, శుక్రవారం పొద్దున్నే వాళ్ళ గుమ్మం ముందు నిలబడి 'మీరు మానేస్తే మందు మన ఆసుపత్రికి రాదు' అని బతిమాలేది. వానలో మైలవరం వెళ్ళింది. బస్సు తప్పిపోతే హనుమాన్ జంక్షన్ దాకా లారీలో వెళ్ళింది.

అంత తిరిగినా ముగ్గురు మానేశారు. ఇక ముప్ఫై ఏడుగురు.

తొమ్మిదో నెలలో ఒకరోజు వరండా చివర సుబ్బరత్నమ్మ చుట్టూ ఏడెనిమిది మంది చేరి గుసగుసలాడుతున్నారు.

"నావల్ల కాదొదినా, నేను మానేస్తా" అంటోంది తులసమ్మ.

విజయరాణిని చూడగానే అందరూ నోళ్ళు మూసుకున్నారు.

ఇంకేముంది, అనుకున్నంతా అయింది.

"మీకు తగ్గకపోతే తగ్గలేదు. వీళ్ళ మనసు ఎందుకు విరగ్గొడతారు?" అని సుబ్బరత్నమ్మ మీద విరుచుకుపడింది. "ఇకమీదట మందు తీసుకుని మీ దారిన మీరు వెళ్ళండి. వీళ్ళ దగ్గర కూర్చోవద్దు."

సుబ్బరత్నమ్మ ఆమె మొహంలోకి కాసేపు చూసింది. విజయరాణి జాకెట్టు చెమటకు తడిసిపోయి ఉంది.

"సరే తల్లీ" అని చెప్పులేసుకుంది.

ఆ తర్వాత కూడా ఒక్క గురువారం తప్పలేదు. వచ్చేది, "తగ్గలేదు" అనేది, ఒక్కతే బయట ఎండలో బస్సు కోసం నిలబడేది. విజయరాణి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

ఏడాది గడిచింది. ముప్ఫై ఏడుగురూ మిగిలారు.

జూన్‌లో సీలు తీశారు. మందు పనిచేసింది. పదిహేడో కార్డు ఎదురుగా 'పిండి బిళ్ళ' అని ఉంది.

"ఆవిడ నిజమే చెప్పింది విజయా" అంది శారద.

పిండి బిళ్ళలు మింగినవాళ్ళకు ఇక ఏడాదిపాటు అసలు మందు ఇస్తారు. మొదటి పొట్లం పట్టుకుని విజయరాణే చింతలపూడి బస్సెక్కింది. క్షమించమని అడగాలి.

సుబ్బరత్నమ్మ, మొగుడూ కౌలుకు చేసే మామిడి తోటలో ఎవరూ లేరు. పాక తలుపుకు తాడు కట్టి ఉంది.

పక్క తోటలోంచి తులసమ్మ వచ్చింది.

"కౌలు అయిపోయిందండీ. కాపు దిగగానే మొగుడూ పెళ్ళాం వెళ్ళిపోయారు. ఎటు వెళ్ళారో మాకూ తెలియదు."

"పాపం, తెలియక ఏడాదంతా పిండి బిళ్ళలు మింగింది. పైగా నా చేత మాటలు పడింది."

"తెలియకేంటి? రెండో నెలలోనే తెలుసు."

"ఎట్లా తెలుసు?"

"బిళ్ళలు మొదలెట్టాక నాకు మళ్ళీ నెలనెలా రావడం మొదలైంది. మీతో చెబితే రాసేస్తారని సిగ్గేసి చెప్పలేదు. యాభై ఏళ్ళొచ్చాక మూడ్రోజులు మూల కూర్చుంటే కోడళ్ళు నవ్వరూ? ఒదిన దగ్గర ఏడ్చాను. 'నీకొచ్చింది, నాకు రాలేదు. నీది మందు, నాది పిండి' అంది."

"మరి ఆ రోజు వరండాలో..."

"మానేస్తామని లేచింది మేమండీ. ఆపింది తను."

విజయరాణి పొట్లం పాక అరుగు మీద పెట్టింది.

"పిండి అని తెలిసి కూడా ఎందుకొచ్చింది?"

"నేనూ అదే అడిగాను. తోటలో కొత్త మందు కొట్టినప్పుడు ఒక చెట్టుని కావాలని కొట్టకుండా వదిలేస్తాం కదండీ, పురుగు మందుకి పోయిందో ఎండకి పోయిందో తెలియడానికి. 'ఆ చెట్టు నేననుకో' అంది."

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెబితే పరీక్ష చెడిపోతుందని డాక్టరమ్మ అన్నారుగా."

తులసమ్మ ఆ పొట్లం వైపు చూసింది.

"మీరు కోప్పడిన రోజు కూడా బస్సు దగ్గర మా చేత ఒట్టేయించుకుందండీ. 'ఆ పిల్ల ఒంట్లోనూ మన సెగే లేస్తోందే, పైకి చెప్పుకోలేకపోతోంది, దానికి మందు వచ్చేదాకా మీరెవరూ మానడానికి వీల్లేదు' అని."