మాటలొద్దు, ఆట ఆడు

తోటపల్లి గూడూరు నుంచి చాపలు అమ్మడానికి నెల్లూరు వచ్చే దరియావలి, బస్టాండు బయట రూపాయి పందేనికి చదరంగం ఆడే హజరత్తయ్య చేతిలో వరసగా ఎనిమిది శనివారాలు ఓడిపోయాడు.

ఓటమి కంటే ఆ కబుర్లే అతన్ని ఎక్కువ ఉడికించేవి. "అన్నా, నీ బస్సు కదలతా ఉండాది" అని హజరత్తయ్య నవ్వుతూ అంటాడు. ఇతను తల తిప్పి చూసేలోగా బల్ల మీద ఒక పావు జరిగిపోతుంది.

తొమ్మిదో శనివారం దరియావలి పళ్లు బిగించి కూర్చున్నాడు. సగం ఆటలో హజరత్తయ్య ఎరిగిన కుర్రాడొకడు వచ్చి అతని చెవిలో ఏదో చెప్పి పరుగున వెళ్లిపోయాడు.

హజరత్తయ్య ముఖం మారింది. "అన్నా, ఆట ఆపు. మీ ఇంటామెకు నొప్పులొచ్చినాయంట. పెద్దాసుపత్రికి తెచ్చినారంట."

"ఆమెకింకా ఏడో నెల! ఇంటిదాన్ని కూడా నీ జిత్తుల్లోకి లాగుతావా? మాటలొద్దు, ఆట ఆడు."

"నా బిడ్డల మీద ఒట్టన్నా."

"ఆడు!" దరియావలి తన బంటును ముందుకు తోశాడు. "ఈ పొద్దు నిన్ను ఓడించందే లేవను."

హజరత్తయ్య గబగబా పావులు జరపసాగాడు. చూస్తుండగానే అతని మంత్రి పోయింది, రెండు ఏనుగులూ పోయాయి. దరియావలి గుర్రాన్ని దూకించి "ఆట కట్టు!" అని అరిచాడు. రెండు నెలల కసితో పందెం రూపాయి కోసం చెయ్యి చాచాడు.

హజరత్తయ్య ఆ రూపాయి తీసి, పక్కనే ఆగిన జట్కావాడి చేతిలో పెట్టాడు.

"పెద్దాసుపత్రికి తోలు. నేనోడితే గాని ఈయన లేచేటట్టు లేడు."