ఇంజనుకు ముహూర్తం

నాగభూషణరావు కాలెత్తి డొక్కలో తన్నాడు. మెకానిక్కు ఇశ్రాయేలు వెళ్లి కారు చక్రానికి గుద్దుకుని, పలకల పెచ్చులు పరిచిన షెడ్డు నేల మీద బోర్లా పడ్డాడు.

"లెయ్యిరా! ఇంజను ఎక్కియ్! పొద్దుగూకే లోపల నేను గిద్దలూరులో ఉండాల."

"ఎట్ల ఎక్కించేదయ్యా? ఇంజను యాడుండాదని ఎక్కించేది?" ఇశ్రాయేలు నోట్లోని నెత్తురు ఉమ్మి, చేత్తో చుట్టూ చూపించాడు.

వాడన్నది నిజం. మార్కాపురం మొత్తానికి అదొక్కటే రేసు కారు. ఎర్రగా, రెండే సీట్లతో, రోడ్డు మీద పోతుంటే జనం పనులు మానుకుని చూసేవాళ్లు. యాభై వేల మైళ్లు తిరిగాక అది కూడా ఉబ్బసం ముసలాడిలా దగ్గడం మొదలుపెట్టింది. ఆ పొద్దున్నే ఇంజను విప్పించారు. ఇప్పుడు బానెట్టు కింద ఒట్టి గుంత. పిస్టన్లు ఒక గోతాం మీద, వాల్వులు ఇంకో గోతాం మీద, బేరింగులు కిరసనాయిలు బానలో.

సరిగ్గా ఈ రోజే కారు కావాల్సి వచ్చింది పలకల వ్యాపారి నాగభూషణరావుకు. కంభంలో పెద్దమ్మను చూసొస్తానని తెల్లవారుజాము రైలెక్కిన ఆయన కూతురు కామేశ్వరి కంభంలో దిగలేదు. గిద్దలూరులో దిగింది. పక్కన ఆయన దుకాణంలో గుమాస్తా అంజయ్య. ఆ సంగతి స్టేషను మనిషి ఇప్పుడే వచ్చి చెప్పిపోయాడు. ఇక రైలైనా బస్సైనా మళ్లీ రేపే. కారు సీటు మీద తోటాలు నింపిన తుపాకీ సిద్ధంగా ఉంది.

"రాత్రికి తాళి కడతాడు వాడు. కట్టేలోపల ఇద్దర్నీ కాల్చి పారేస్తా."

"కడుపున పుట్టిన బిడ్డయ్యా! పాపం తగుల్తాది."

నడుముకున్న బెల్టు ఊడదీసి వీపు మీద వాయించాడు నాగభూషణరావు. చొక్కాతో పాటు చర్మం కూడా లేచివచ్చింది.

"నువ్వూ ఆ అంజయ్యగాడూ ఒక కంచంలో తింటారని నాకు తెల్దా? వాడు నా పిల్లను లేపుకపోతాడు, అదే రోజు నువ్వు నా కారు విప్పేస్తావు. ఎవుర్రా ప్లాను వేసింది?"

"మీరే!" అరిచాడు ఇశ్రాయేలు. దెబ్బలకు వాడికీ తిక్క రేగింది. "పిస్టను రింగులు మదరాసు నుంచి తెప్పించింది మీరు. మాటిమాటికి విప్పొద్దు, పది రోజులు పట్టినా పనంతా ఒక్కసారే చెయ్యమన్నది మీరు. ముహూర్తం లేంది నట్టు గూడ ముట్టుకోవద్దన్నది మీరు. పొద్దున దగ్గర కూచ్చోని పూజ చేసి, అక్షింతలేసి, ఇంక విప్పరా అన్నది గూడ మీరే గదయ్యా!"

ఉన్న మాటంటే ఉలుకెక్కువ. నాగభూషణరావు కారు స్టార్టు చెయ్యడానికి తిప్పే ఇనుప హ్యాండిలు అందుకుని వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. ఎముక పటుక్కుమంది. ఏ చేత్తో ఇంజను ఎక్కించమన్నాడో ఆ చెయ్యే విరగ్గొట్టాడు మహానుభావుడు. కోపానికి కళ్లు లేవంటారు, ఈయన కోపానికి బుర్ర కూడా లేదు.

ఇశ్రాయేలు పెట్టిన కేకకు ఇంట్లోంచి హైమావతి పరుగెత్తుకొచ్చింది. నాగభూషణరావు భార్య. జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"అయ్యో, నా కడుపున చెడబుట్టిందే! మా పరువు గంగలో కలిపిందే!"

"నోర్ముయ్! అట్లాంటిదాన్ని కన్నందుకు ముందు నిన్ను చంపాల!"

చెంప మీద కొట్టిన దెబ్బకు ఆవిడ పెదవి చిట్లింది. వెళ్లి గోతాం మీద పడితే పిస్టన్లు నాలుగు పక్కలకూ దొర్లాయి.

"అమ్మను కొట్టొద్దు!" ఇశ్రాయేలు మిగిలిన చేత్తో వచ్చి యజమాని చొక్కా పట్టుకున్నాడు.

కూలివాడు తన చొక్కా పట్టుకోవడమా! నాగభూషణరావుకు వెర్రెత్తిపోయింది. వాణ్ణి కింద పడేసి, రొమ్ము మీద మోకాలు పెట్టి, హ్యాండిలు తలకాయకు గురిచూసి ఎత్తాడు.

"చెప్పరా! యాడ పెళ్లి? ఎవరింట్లో?"

"తెల్దయ్యా! యేసయ్య తోడు, నాకేం తెల్దు!"

"అయితే చావు!"

"ఆగండి!"

హైమావతి ఏడుపు ఆగిపోయింది. లేచి, పైటకొంగుతో పెదవి మీది నెత్తురు తుడుచుకుంది. ఆ గొంతు తన భార్యదేనా అన్నట్టు చూశాడు నాగభూషణరావు.

"వాణ్ణి వదలండి. వాడికేం తెల్దు. పెళ్లి పొద్దున్నే అయిపోయింది. ఈపాటికి వాళ్లు ఘాట్ రోడ్డు దాటి నంద్యాల చేరుంటారు. ఇంక మీరు తుపాకీ పేలిస్తే తెగేది మీ కూతురి తాళే."

ఎత్తిన హ్యాండిలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"నీకెట్ల తెలుసు?"

"పంతులు గారింటికి పోయి ముహూర్తం పెట్టించుకొచ్చింది నేనే గదా. అది పెళ్లికి పెట్టించింది, ఇంజనుకు గాదు."

నాగభూషణరావు చేతిలోంచి హ్యాండిలు జారి కింద పడింది. ఇశ్రాయేలు దొర్లుకుంటూ పక్కకు తప్పుకున్నాడు.

"కారు కదలకుండా చెయ్యాలంటే ఊరికే విప్పిస్తే సరిపోయేది గదే! అదే ఘడియకు నన్ను కూచ్చోబెట్టి ఆ పూజెందుకు చేయించినావు?"

"కన్నతండ్రి చేతి అక్షింతలు పడకుండా ఆడపిల్లకు పెళ్లెట్ల చేసేదండీ? అందుకే, ఇంజను మీద వేయించినా."