ఒక్కడే

ఎర్రవాడు పుట్టిన సంగతి పొరుగింటికి కూడా పొక్కనివ్వలేదు కూర్మమ్మ.

కూతురు తాతమ్మకు కవలలు. ఇద్దరూ మగపిల్లలే. ఒకడు మందారంలా ఎర్రగా, బొద్దుగా ఉన్నాడు. రెండోవాడు పాలిపోయి పుల్లలా ఉన్నాడు. కాన్పు చేసింది కూర్మమ్మే కాబట్టి దాచడం తేలికైంది. చూడొచ్చిన వాళ్ళందరికీ పాలిపోయినవాణ్ణే చూపించింది. ఎర్రవాణ్ణి వలల చాటున పడుకోబెట్టి అరికాలికి కాటుకచుక్క పెట్టింది. అల్లుడు లక్ష్ముడి నోటికీ తాళం వేసింది. తాతమ్మకు తొలిచూలున పుట్టిన ఆడపిల్ల, ముద్దులు మూటగట్టే పిల్ల, దిష్టి తగిలే పోయిందని ఆమె నమ్మకం. లోకుల కళ్ళు పాడుగాను!

ఎర్రవాడు బంగారుకొండ. ఏడుపు లేదు, పేచీ లేదు. పాలకు లేపినా లేవడు. కడుపు నిండినవాడికి నిద్ర కాక మరేం పడుతుందని కూర్మమ్మ మురిసిపోయింది.

బెంగంతా రెండోవాడి మీదే. వాణ్ణి పాతచీరలో చుట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కింది. ఆసుపత్రి గోడ మీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం బొమ్మ కొత్తగా వేశారు. లోపల డాక్టరమ్మ బిడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది.

"రక్తం బాగా తక్కువుంది. కాన్పులో వీడొక్కడేనా, ఇంకొకరున్నారా?"

డాక్టరమ్మవైనా కళ్ళు కళ్ళే అనుకుంది కూర్మమ్మ. చేపల బేరంలో ఎన్నడూ తడబడని నోరు ఆమెది.

"ఒక్కడేనమ్మా," అంది.

డాక్టరమ్మ సూదిమందు వేసి, చుక్కలమందు ఇచ్చి, బతుకుతాడని ధైర్యం చెప్పింది. కూర్మమ్మ దండం పెట్టి ఇంటిదారి పట్టింది.

వీధి మొదట్లోకి రాగానే తాతమ్మ ఏడుపు వినిపించింది. ఎర్రవాడు నిద్రలోనే పోయాడు. లక్ష్ముడు వాణ్ణి గుడ్డలో చుట్టి ఇసుకలో పూడ్చి వచ్చాడు. కూర్మమ్మ తల నేలకేసి కొట్టుకుంది. ఎవరి కంటా పడని బిడ్డకు ఎవరి కన్ను తగిలింది?

రెండోవాణ్ణి మళ్ళీ చూపించడానికి వెళ్ళినప్పుడు ఆ బాధ కడుపులో ఆగలేదు. ఇక దాచడానికి ఏముందని డాక్టరమ్మకు అంతా చెప్పేసింది.

"ఒళ్ళంతా రగతమేనమ్మా. గోళ్ళు సైతం ఎర్రగుండేవి. ఏ పాపిష్టి కన్ను తగిలిందో నువ్వయినా సెప్పమ్మా."

డాక్టరమ్మ "పాలిసైథీమియా" అని గొణుక్కుంది. బిడ్డను కూర్మమ్మ ఒళ్ళో పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ ఎరుపే జబ్బమ్మా, వీడికి అందాల్సిన రక్తం తల్లి కడుపులోనే వాడికి పోయి, ఎక్కువై చిక్కబడిపోయింది, ఆవేళ నువ్వు ఇద్దరని ఒక్కమాట చెప్పి ఉంటే వాడి ఒంట్లోంచి కాస్త రక్తం తీసేసి ఇద్దర్నీ నీ ఒళ్ళో పెట్టేదాన్ని."