అద్దంలో మిన్ను

పోయినసారి మూడు టీకాలూ ఒకే సూదిలో కలిపి వేస్తే మిన్నుకు జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయి. అందుకే ఈసారి ఆరోగ్య కేంద్రం వాళ్లు అద్దం ఇచ్చి పంపారు. అందులో అచ్చం మిన్నులాంటి పాప ఉంది. ఏ టీకా అయినా ముందు ఆ పాపకే వేసి చూడాలి.

కలిపి వేస్తే అద్దంలో పాప ఒళ్లు కాస్త వెచ్చబడి, మళ్లీ మామూలైంది. అదంతా చెరిపేసి, పాపను మళ్లీ మొదటికి తెచ్చి, తల్లి వాగ్దేవి ఈసారి విడివిడిగా వేసింది. జ్వరమే రాలేదు. కానీ మూడో సూది అయ్యాక, ఆమె కనబడగానే పాప మంచం కిందికి దూరింది.

"వింతగా ఉందే! నిన్ను చూసి జడుసుకుంటోంది," అన్నాడు భర్త కరుణాకర్.

"మన మిన్నుకి కలిపే వేయిద్దామండీ, ఒక్క సూదితో అయిపోతుంది."

"సరే, అయితే దీన్ని చెరిపేస్తా."

"ఉండండి. ముందు దాన్ని ఊరుకోబెట్టనివ్వండి."

వాగ్దేవి అద్దం ముందు కూర్చుని, రెండు చేతులూ చాచి, ఖాళీగా ఉన్నాయని చూపించింది.