ఆదివారం రికార్డింగు

మూడో స్క్రూ దగ్గర మళ్ళీ ఎర్రబడింది.

కంప్యూటర్ తెర మీద సగం దవడ ఎముక, లేని సగానికి బదులు టైటానియం పట్టీ. నమిలినప్పుడు, మాట్లాడినప్పుడు ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో రంగుల్లో కనిపిస్తుంది. ఎరుపంటే ఎప్పుడో ఒకనాడు అక్కడ విరుగుతుందని. ఆసుపత్రి పంపిన స్కాన్ మీద పేరుండదు, నలభై ఒకటి అన్న నంబరే ఉంటుంది. సాయంత్రం ఐదింటికల్లా డిజైన్ వర్క్‌షాపుకు చేరకపోతే ఆ పేషెంటు ఆపరేషన్ ఇంకో నెల వెనక్కి పోతుంది.

"ఇంకోసారి చూద్దాం" అంది ఇంజనీరు. ఆఫీసులో అందరూ ఆవిడను ఇంకోసారి మేడమ్ అనే పిలుస్తారు, ఆవిడ ఎదురుగా కాదు.

ఆమె కుర్చీలో కుదురుగా కూర్చుని మూడు రోజులైంది. లేస్తుంది, కిటికీ దాకా వెళ్తుంది, తెర వైపు చూసి గోరు కొరుక్కుంటుంది. మధ్యమధ్య ఫోను టింగుమంటుంది. అత్తగారి మెసేజులు. గ్యాస్ కట్టావా, గొడుగెందుకు మర్చిపోయావు, తిన్నావా లేక కళ్ళు తిరిగి పడి నా కొడుకుని హడలగొడతావా. ఆఫీసులో ఉన్నా వదలరు కదా అని పక్క సీటు అమ్మాయి జాలిపడింది.

మేనేజరుకు ఓపిక నశించింది. మనిషి రోజుకు ఎన్నిసార్లు నోరు కదుపుతాడో నిపుణులిచ్చిన అంకె ఒకటుంది. అది వేస్తే పట్టీ పొద్దున్నే పాసయ్యేది. ఈవిడ దానికి నాలుగింతలు వేసి కూర్చుంది. మాటల బరువు తక్కువే గానీ, లెక్కకు మించితే లోహమైనా అలిసిపోతుంది.

"ఇంతలా వాగే మనిషి ఎవరుంటారమ్మా?" అన్నాడాయన.

"మా అత్తగారు సార్."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కిందటేడు ఒక ఆదివారం, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆవిడ తిట్లన్నీ ఫోనులో రికార్డు చేసింది. మొగుడికి వినిపించి వేరు కాపురం పెట్టించాలని. ఆ పాచిక పారలేదు. ఇప్పుడు ఆ రికార్డింగే ముందు పెట్టుకుని, మాటమాటకీ లెక్కవేసి కంప్యూటర్‌కు ఇచ్చింది.

కాస్త తగ్గించి మాట్లాడమని పేషెంటుకు డాక్టరే చెబుతాడులే అన్నాడు మేనేజరు.

"చెబితే వినే మనుషులేనా సార్?" అంది ఆమె.

నాలుగున్నరయింది. పట్టీ మందం పెంచితే బరువు మించిపోయింది. తగ్గిస్తే మళ్ళీ ఎరుపు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు తట్టింది, కింది అంచు తిన్నగానే ఉండాలన్న షరతు పెట్టింది తామేనని. దాన్ని తీసేసి, ఆకారం వెతుక్కునే పని కంప్యూటర్‌కే వదిలేసింది. అది అక్కర్లేని చోట లోహాన్ని చెక్కేసి, మూడో స్క్రూ కింద చిన్న వంపు తిప్పింది. తెరంతా నీలం. ఐదింటికి మూడు నిమిషాలుందనగా ఫైలు వెళ్ళిపోయింది.

ఇల్లు చేరేసరికి ఆరున్నర. బెల్లు కొట్టింది. తలుపు తెరుచుకుంటూనే ఫోను టింగుమంది. "ఇదేనా రావడం? ఇంట్లో ఒక ముసలిది చస్తోందన్న ధ్యాసుందా నీకు?"

కుడి దవడ తీసేసిన చోట కట్టిన గుడ్డను ఒక చేత్తో సర్దుకుంటూ, రెండో చేత్తో ఆ మెసేజ్ పంపిన అత్తగారు, గుమ్మంలో నిలబడి ఆమెకేసి గుడ్లురిమి చూశారు.