పక్కింటి కేబులు

నెల్లూరులో మస్తానమ్మ ఉండే అపార్టుమెంటులో కరెంటు తీగలు తీసేసి చాలా ఏళ్లయింది. లైట్లూ ఫ్యాన్లూ టీవీ అన్నీ నెట్ కేబులులో వచ్చే కరెంటు మీదే నడుస్తాయి. ఏ ఇంటికి ఎంత కరెంటు వదలాలో మెట్ల దగ్గరున్న పెట్టె చూసుకుంటుంది.

ఆ సాయంత్రం పసికందు మనవరాలిని ఆసుపత్రి నుంచి తెచ్చారు. బిడ్డకు కామెర్లు. నీలం లైటు కింద పడుకోబెట్టమని డాక్టరు దాన్ని ఇచ్చి పంపారు. కేబులు తగిలించగానే లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. ఫ్యాన్లూ మిగతా లైట్లూ అన్నీ ఆపినా మళ్లీ వెలగలేదు.

"దీనికి ఒక కేబులులో వచ్చే కరెంటు చాలదని పెట్టె చూపిస్తోంది. ఇంకోటి కావాలమ్మా," అంది కూతురు ఏడుపు గొంతుతో.

మస్తానమ్మ పక్కింటి తలుపు తట్టింది. నీళ్ల దగ్గర తగాదా పడ్డప్పటి నుంచి ఆ ఇంటి సులోచనతో మాటల్లేవు.

"బిడ్డకి లైటు వెలగడంల్యా సులోచనా. మీ కేబులు కావాల."

సులోచన తమ ఇంటికొచ్చే కేబులు పీకి కిటికీలోంచి అందించింది. ఆమె ఇల్లు చీకటైంది. ఇక్కడ లైటు నిలకడగా వెలిగింది.

"చీకట్లో ఎట్టుంటారే?"

"ఎందుకుంటామక్కా? అన్నం గిన్నెలు తీసుకొని మీ ఇంటికే వస్తాం."

ఆ పూట అందరూ నీలం వెలుతురులోనే భోజనాలకు కూర్చున్నారు. ఏది పప్పో ఏది పులుసో తెలియక సులోచన రెండూ కలిపి వడ్డించేసింది. మస్తానమ్మ అదే తిని, మళ్లీ కంచం చాపింది.